కొలను కట్టేటప్పుడే కొంగను తలచుకోండి
(మిద్దెతోటల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంటి ముందో, మిద్దె మీదో చిన్న కొలను పెట్టుకున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే మాట కొంగ గురించే. "తెల్లారి చూస్తే చేపలు లేవండీ" అంటారు. ఆ వెంటనే "దాన్ని తరిమేదెలా?" అని అడుగుతారు. బొమ్మలు, మెరిసే రిబ్బన్లు, టపాకాయలు, సన్నదారాలు అంటూ ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. తరమడం మీద పెట్టే శ్రమలో సగం కొలను కట్టుబడి మీద పెడితే చేపా మిగులుతుంది, పక్షీ మిగులుతుంది. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే.

ముందు చేప సంగతి చూద్దాం. మన చెరువుల్లో పెరిగే బొచ్చెను, రాగండిని, కొర్రమీనును పైనుంచి ఎప్పుడైనా గమనించారా? వీపు ముదురు రంగులో ఉంటుంది, పొట్ట లేత రంగులో ఉంటుంది. ఆకాశం నుంచి చూసే కంటికి ఆ వీపు అడుగున ఉన్న బురదలో కలిసిపోతుంది. నీటి అడుగు నుంచి చూసే పెద్ద చేపకు ఆ పొట్ట పైనుంచి వచ్చే వెలుగులో కలిసిపోతుంది. ఎన్నో లక్షల ఏళ్లుగా పక్షుల వేటను తట్టుకుని నిలిచిన చేపకు దక్కిన రంగు అది.

మనం కొలనులో వదిలేవి ఆ చేపలు కావు. గోల్డ్‌ఫిష్‌ను చైనాలో వెయ్యేళ్లకు పైగా రంగు కోసమే ఏరి ఏరి పెంచారు. కోయి చేపల కథ ఇంకా ఈమధ్యది. జపాన్‌లో నీగాటా ప్రాంతపు కొండ పల్లెల్లో వరి రైతులు తిండి కోసం పెంచుకునే కార్ప్ చేపల్లో అక్కడక్కడ రంగు మచ్చలతో పిల్లలు పుట్టేవి. 19వ శతాబ్దంలో వాటిని విడిగా పెట్టి జత కట్టించడం మొదలుపెట్టారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనకు తీసుకువెళ్లాక వాటి పేరు జపాన్ అంతటా మారుమోగింది. ఆ చేపను మెచ్చుకునేది పైనుంచి చూసి. పోటీల్లో న్యాయనిర్ణేతలు కూడా నీలిరంగు తొట్టిలో ఉంచి పైనుంచే చూస్తారు. తెల్లని వీపు మీద ఎర్రని మచ్చ ఎంత స్పష్టంగా ఉంటే అంత విలువ. అంటే పైనుంచి చూసే కంటికి దొరికిపోవడమే ఆ చేప గొప్పతనం. మన కంటికి దొరికింది కొంగ కంటికి దొరకదా? దాక్కునే గుణాన్ని తీసేసింది మనిషి కాబట్టి, దాక్కునే చోటు కట్టివ్వవలసిన బాధ్యత కూడా మనిషిదే. ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను. కొంగ మీద కోపం వచ్చినప్పుడల్లా మీరు కూడా దీన్ని గుర్తుచేసుకోండి.

దీనికి తోడు మనం చేసే అలవాటు ఒకటుంది. రోజూ ఒకే ఒడ్డున నిలబడి తేలే మేత చల్లుతాం. మన నీడ పడగానే చేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి, చూసి మురిసిపోతాం. నీడ అంటే మేత అని నేర్చుకున్న చేప, ఒడ్డున ఏ నీడ కదిలినా బెదిరిపోవడం మానేస్తుంది. అందుకని మేత ఎప్పుడూ పైన కప్పు ఉన్నచోటే వేయండి. పొద్దెక్కాక, మీరు పక్కనే ఉండే వేళలో వేయండి. తెల్లవారుజామున, మునిమాపు వేళ వేయకండి. కొంగలు ఎక్కువగా దిగేది ఆ వేళల్లోనే.

ఇక పక్షుల సంగతి. ఇళ్ల దగ్గరికి తరచుగా వచ్చేది గుడ్డి కొంగ. కూర్చున్నప్పుడు మట్టి రంగు ఒళ్లు, చారల మెడ, కొలను గట్టు మీద ఉన్నా కంటికి ఆనదు. లేచిందంటే ఒక్కసారిగా తెల్లని రెక్కలు విప్పుతుంది. అది వేటాడే తీరు ఒక్కసారి ఓపికగా చూస్తే కొలను ఎలా కట్టాలో సగం తెలిసిపోతుంది. అది సాధారణంగా నేరుగా లోతు నీటిలోకి దిగదు. ముందు గట్టు మీదో, పక్కన నేల మీదో వాలుతుంది. మెడ లోపలికి ముడుచుకుని కాసేపు అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో కాలు ఎత్తి, నీరు కదలకుండా పెడుతూ, పాదం ఆనే చోటికి నడిచి వస్తుంది. అక్కడ నిలబడిపోతుంది. కొంగజపం అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ, ఆ కదలకపోవడమే దాని బతుకుతెరువు. కొంగ మెడలో ఆరో వెన్నుపూస మిగతావాటికంటే పొడవుగా, ప్రత్యేకమైన తీరులో ఉంటుంది. అందువల్లే మెడ వంపు తిరిగి అలా ముడుచుకుంటుంది. చేప అందేంత దూరానికి రాగానే ముడుచుకున్న మెడ ఒక్కసారిగా సాగుతుంది. కంటిరెప్ప పడేలోగా చేప ముక్కుల మధ్య ఉంటుంది. దాన్ని తిప్పి, తల ముందుకు వచ్చేలా పట్టుకుని, అలాగే మింగేస్తుంది. ముళ్లు, మొప్పల అంచులు గొంతుకు గుచ్చుకోకుండా ఆ జాగ్రత్త.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నీళ్లలో ఉన్న వస్తువు అసలు చోటికంటే పైకి కనిపిస్తుందని బడిలో చదువుకున్నాం. నాలుగడుగుల లోతు మన కంటికి మూడడుగులే అనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. కొంగ ఆ తేడాను సరిచేసుకుని గురి పెడుతుందని పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు చేపవైపు నుంచి చూడండి. నిలకడగా ఉన్న నీటి కింద నుంచి చూస్తే, బయటి లోకమంతా తలపైన ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఆ కిటికీ సుమారు 97 డిగ్రీల మేర ఉంటుంది. దాని అవతల నీటి పైపొర కొలను అడుగునే తిప్పి చూపిస్తుంది. గట్టు మీద వంగి నిలబడ్డ కొంగ ఆ కిటికీ అంచుకు నలిగిపోయి, ఏదో చిన్న ఆకారంలా కనబడుతుంది. కొంగ ఎంత కిందికి వంగితే చేపకు అంత తక్కువ కనిపిస్తుంది. గట్టు నీటి మట్టానికి సమానంగా ఉన్న కొలనుల్లో చేపలు ఎక్కువగా పోవడానికి ఇదొక కారణం.

చిన్న ఫౌంటెన్ పెట్టమని నేను చెప్పేది కూడా ఇందుకే. నీరు చిలుకుతూ ఉంటే ఇద్దరి చూపూ చెదురుతుంది, కానీ గురి చూడవలసింది కొంగ కాబట్టి నష్టం దానిదే. పైగా నీటిలో ప్రాణవాయువు కలుస్తుంది. అయితే ఫౌంటెన్ ఒక్కటే కాపాడుతుందని అనుకోకండి. కరెంటు పోయిన పూట అది ఆగిపోతుంది.

లకుముకి పిట్ట పద్ధతి వేరు. గోధుమరంగు తల, తెల్లని గొంతు, మెరిసే నీలి వీపు ఉన్న లకుముకి మన ఊళ్లలో కరెంటు తీగల మీద రోజూ కనిపిస్తుంది. అది పురుగులు, తొండలు, ఎండ్రకాయలు కూడా తింటుంది కాబట్టి మీ కొలనే దానికి ఆధారం కాదు. దానికంటే చిన్నది, పిచ్చుకకంటే కాస్త పెద్దగా ఉండే లకుముకి మరొకటి ఉంది. దాని బరువు సాధారణంగా 25 నుంచి 45 గ్రాముల మధ్యే ఉంటుంది, రోజుకు తన బరువులో సగానికి పైగా తిండి కావాలి. అది వచ్చిందంటే గప్పీలు, చిన్న మోలీలు, గోల్డ్‌ఫిష్ పిల్లలు పోతాయి. ఈ రెండూ ఎక్కడో ఒకచోట కూర్చుని చూసి దూకుతాయి. కొలను మీదికి వాలిన కొమ్మ, బట్టలు ఆరేసే తీగ, పైపు స్టాండు ఉంటే వాటిని అక్కడి నుంచి తీసేయండి. నలుపుతెలుపు లకుముకికి మాత్రం ఆసరా అక్కర్లేదు, గాలిలోనే ఒకచోట రెక్కలాడిస్తూ నిలబడి నిలువునా దూకుతుంది. దాన్ని ఆపేది పైకప్పు ఒక్కటే.

రాత్రి కొంగను చాలామంది లెక్కలోకి తీసుకోరు. చీకటి పడ్డాక వస్తుంది, ఎర్రని కళ్లు, పొట్టి మెడ. పగలంతా కాపలా కాసినా చేపలు తగ్గుతున్నాయంటే దాన్ని అనుమానించాలి. పెద్ద కొలనులైతే నీటికాకి కూడా రావచ్చు. మునిగి, నీటి అడుగున ఈదుతూ వెంటాడుతుంది కాబట్టి దానికి లోతు అడ్డు కాదు.

అయితే చేప మాయమైన ప్రతిసారీ పక్షినే తప్పు పట్టకండి. పక్షులపట్ల మన మొదటి అన్యాయం ఇక్కడే జరుగుతుంది. కొంగ తింటే ఆనవాలు దాదాపు మిగలదు, చేపను అలాగే మింగుతుంది. గట్టు మీద పొలుసులు, సగం తిన్న చేప కనిపిస్తే పిల్లినో ముంగిసనో అనుమానించండి. నీరుకట్టె పాము కూడా చేపల కోసం వస్తుంది. దానికి విషం లేదు, చంపకండి. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మరొకటి. మొక్కలు రాత్రిపూట ప్రాణవాయువును వాడుకుంటాయి. చేపలు ఎక్కువై, ఆకులు కుళ్లి, పంపు ఆగిపోయిన కొలనులో తెల్లవారుజామున చేపలు ఊపిరాడక చచ్చి తేలతాయి. కాకి వచ్చి తేలిన చేపను ఎత్తుకుపోతుంది. మీరు లేచి చూసేసరికి కాకి నోట్లో చేప. నిందంతా దాని మీదే. చేపలు పోతున్నాయంటే ముందు తెల్లవారుజామున వెళ్లి మిగిలినవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమో చూడండి. అలా ఉంటే మీకు కావలసింది వల కాదు, గాలి పంపు.

ఇప్పుడు కట్టుబడి. నేల మీద కొలను తవ్వేవాళ్లు మొదట చేసే పని అంచుల్లో మెట్లు కట్టడం. మొక్కల కుండీలు పెట్టుకోవడానికి జానెడు లోతులో ఒక అరుగు, ఆ పక్కన గులకరాళ్లతో ఏటవాలు. చూడటానికి బాగుంటుంది. కొంగకు అంతకంటే మంచి చోటు ఉండదు. దాని కాలి పొడవుకు సరిపడా లోతు, పాదానికి పట్టు, పక్కనే చేప. ఆ అరుగు వద్దు. గోడలు నిలువుగా కట్టండి. నీటి మట్టం గట్టుకంటే 8, 9 అంగుళాలు కిందికి ఉండేలా చూడండి. గట్టు మీద నిలబడ్డ గుడ్డి కొంగకు నీరు అందకూడదు, నీటిలో దిగితే కాలు ఆనకూడదు. లోతు మూడు నుంచి నాలుగు అడుగులు ఉంటే చేప కిందికి పోగలదు. మన ఎండలకు కూడా ఆ లోతు మంచిదే, అడుగున నీరు కాస్త చల్లగా ఉంటుంది. మొక్కల కుండీలను ఇటుకల మీద కొలను మధ్యలో పెట్టుకోండి, అంచుకు ఆనించకండి. కుండీ పైభాగం కొంగకు నిలబడే చోటు కాకుండా ఆకులు కప్పేలా ఉండాలి.

నిలువు గోడలున్న లోతైన కొలను చిన్నపిల్లలకు ప్రమాదం. ఇంట్లో పిల్లలుంటే గట్టి మెష్ (ఇనుప తీగల జాలి) కప్పు లేకుండా అలాంటి కొలను కట్టవద్దు. ఉడుతలు, తొండలు పడితే ఎక్కి రావడానికి ఒక మూల గరుకైన చెక్కను ఏటవాలుగా మెష్ కింద అమర్చండి.

మిద్దె మీద వ్యవహారం వేరు. ఇక్కడ లోతు పేరుతో ఎవరూ తొందరపడకండి. జనం తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్క వేసి కట్టడం మన దేశపు ప్రమాణం. ఒక్క అడుగు లోతు నీరే చదరపు మీటరుకు 300 కిలోలు తూగుతుంది. మూడడుగుల కొలను అంటే 900 కిలోలు. ఇంజనీరును అడగకుండా అలాంటిది మిద్దె మీద కడితే ఇంటికే ముప్పు. కాబట్టి మిద్దె మీద చిన్న తొట్లు, అవీ దూలాల మీదుగా, ఇంజనీరు సరేనన్న చోట మాత్రమే పెట్టండి. లోతు లేదు కాబట్టి కాపలా అంతా పైకప్పుదే. మనందరి దగ్గరా ఉండే ఆకుపచ్చ షేడ్‌నెట్ ఇక్కడ బాగా పనికొస్తుంది. 50 శాతం నీడ ఇచ్చేది తీసుకోండి. మే నెల ఎండ నుంచీ కాపాడుతుంది, పక్షి నుంచీ కాపాడుతుంది. అల్లిక దట్టంగా ఉంటుంది కాబట్టి పక్షి కాలు, మెడ అందులో చిక్కుకోవు. పైన మాత్రమే కట్టి పక్కలు వదిలేస్తే కొంగ నడిచి లోపలికి వస్తుంది. పక్కలకు ఇనుప వెల్డ్‌మెష్ బిగించండి.

నేల మీది కొలనుకైనా నేను మొదట చెప్పేది వెల్డ్‌మెష్ చట్రమే. అంగుళం గడి ఉన్న గాల్వనైజ్డ్ మెష్‌ను ఇనుప పైపు చట్రానికి బిగించి, నీటికి కనీసం అడుగు ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టాలి. నీటికి ఆనేలా వేస్తే కొంగ మెష్ మీదే నిలబడి గడిలోంచి పొడుస్తుంది. చట్రాన్ని రెండు ముక్కలుగా చేయించుకుంటే శుభ్రం చేసేటప్పుడు ఒక మనిషి ఎత్తగలడు. కోసిన తీగల కొసలు బయటికి పొడుచుకుని ఉండకుండా మడిపించండి, చేతులకూ పక్షులకూ గుచ్చుకుంటాయి. మెష్ చూడముచ్చటగా ఉండదని కొందరి అభ్యంతరం. నల్లరంగు వేయించండి, నాలుగు రోజులకు కంటికి అలవాటైపోతుంది.

వల గురించి మాత్రం కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే. బజారులో చవకగా దొరికే సన్నని నైలాన్ వలను వదులుగా కొలను మీద పరిచేస్తారు. అది పక్షి కంటికి కనబడదు. కాలు పెడుతుంది, గోళ్లు పడతాయి, కొట్టుకుంటుంది, కొట్టుకున్నకొద్దీ దారం బిగిసి చర్మంలోకి దిగుతుంది. పొద్దున మీరు చూసేసరికి రెక్క విరిగి, ఎండకు నోరు తెరిచి వేలాడుతూ ఉంటుంది. కొంగే కాదు, ఉడుత, నీరుకట్టె, గోరింక, ఏదైనా చిక్కుకుంటుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఇళ్లలో పండ్ల చెట్లకు కప్పే వలల గడి సాగదీసినా 5 మిల్లీమీటర్లకు మించకూడదని 2021 సెప్టెంబరు నుంచి నిబంధన పెట్టారు. పెద్ద గడి వలల్లో గబ్బిలాలు, పక్షులు చిక్కుకుపోవడమే కారణం. చిటికెన వేలు దూరితే ఆ వల వాడకూడదు అనేది తేలికైన పరీక్ష. మనకు అలాంటి నిబంధన లేకపోయినా ఆ పరీక్ష మనమూ పెట్టుకోవచ్చు. వల వేయక తప్పకపోతే తెల్లని, మందపాటి దారంతో అల్లినది తీసుకుని, చట్రానికి తబలా చర్మంలా బిగించి కట్టండి. వేలితో నొక్కితే కిందికి కుంగకూడదు. రోజుకు రెండుసార్లు వెళ్లి చూడండి.

కొలను చుట్టూ సన్నని గాలపు దారం కట్టమని చాలాచోట్ల చెబుతారు. కొంగ నడిచి వస్తుంది కాబట్టి కాళ్లకు అడ్డుపడి వెనక్కి పోతుందని ఆలోచన. ఆలోచన మంచిదే, దారం మాత్రం తప్పు. కనబడని దారం పక్షిని ఆపదు, కోస్తుంది. సంక్రాంతి అయ్యాక మిగిలిన చైనా మాంజాను ఇందుకు వాడిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. పక్షుల మెడలు, మనుషుల మెడలు కోసిన దారం అది. దయచేసి ముట్టుకోకండి. దానికి బదులు పెన్సిలంత మందం ఉన్న తెల్లని తాడు తీసుకుని, గట్టుకు అడుగు బయట, నేల నుంచి 6 అంగుళాల ఎత్తులో ఒక వరస, 14 అంగుళాల ఎత్తులో మరో వరస, గుంజలకు బిగించి కట్టండి. కింది తాడు గుడ్డి కొంగకు, పై తాడు అంతకంటే పెద్ద కొంగలకు అడ్డుపడతాయి. ఇది పూర్తి రక్షణ కాదు, నిలువు గట్టుకు తోడు మాత్రమే.

కొంగ బొమ్మలు అమ్ముతారు. ఒక కొంగ ఉన్నచోటికి మరో కొంగ రాదని చెబుతారు. చాలా రకాల కొంగలు మేత దొరికే చోట గుంపుగా చేరతాయి. తోటి పక్షి నిలబడి ఉందంటే అక్కడ చేప ఉందనే అర్థం. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కొంగ బొమ్మలు పెట్టి చూసిన పరిశోధకులు అవి పక్షులను రప్పిస్తాయనే గమనించారు. ఆ డబ్బుతో మరో గజం మెష్ కొనుక్కోండి. మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు కొద్దిరోజులు పనిచేస్తాయి, తర్వాత పక్షి వాటిని పట్టించుకోదు.

చేపకు లోపల దాక్కునే చోటు తప్పనిసరి. మందమైన సిమెంటు గొట్టం కానీ, 6 అంగుళాల పీవీసీ గొట్టం కానీ రెండు చివరలూ తెరిచి ఉంచి అడుగున పడుకోబెట్టండి. ఒకవైపే తెరిచి ఉంటే మురికి పేరుకుంటుంది. పీవీసీ కోసిన అంచును గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే చేప పొలుసులు ఊడతాయి. కలువలు పెంచండి. నీటి పైభాగంలో సగం దాకా ఆకులు పరుచుకుంటే చాలు, అంతకు మించితే రాత్రిపూట గాలి చాలదు. గుర్రపుడెక్కను మాత్రం తేవద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులన్నిటినీ కమ్మేసిన మొక్క అది. మీ కొలను శుభ్రం చేసి కాలువలో పారేస్తే ఆ పాపంలో మీకూ భాగం వస్తుంది.

కొంగ దాడి జరిగాక చేపలు రోజుల తరబడి పైకి రావు, మేత ముట్టవు. జబ్బు చేసిందేమోనని చాలామంది కంగారుపడి మందులు పోస్తారు. తేనెటీగల నాట్యాన్ని అర్థం చేసుకుని 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ వాన్ ఫ్రిష్, 1930లలోనే ఒక చిన్న చేప మీద మరో సంగతి కనిపెట్టారు. గాయపడిన చేప చర్మం నుంచి ఒక పదార్థం నీటిలోకి వెలువడుతుంది. దాని వాసన తగలగానే తోటి చేపలన్నీ బెదిరిపోయి దాక్కుంటాయి. ఆయన చూసిన చేప, మన గోల్డ్‌ఫిష్, కోయి దగ్గరి బంధువులు. కాబట్టి దాడి తర్వాత దాక్కోవడం జబ్బు కాదు, ఆ జాతి పద్ధతి. మేత తగ్గించండి, తినని మేత కుళ్లితే నీరు పాడవుతుంది. నీటిలో నాలుగో వంతు మార్చండి. మునిసిపల్ నీరైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు తొట్టిలో నిలవ ఉంచాక పోయండి. కొలను దగ్గర జన సందడి తగ్గించండి.

ముక్కుపోటు తగిలి తప్పించుకున్న చేప ఉంటే దాన్ని వేరే తొట్టిలో పెట్టండి. 100 లీటర్ల నీటికి 300 గ్రాముల కల్లుప్పు, అయోడిన్ కలపనిది. ఒక్కసారిగా కాకుండా మూడు విడతలుగా, కొన్ని గంటల తేడాతో కరిగించి పోయాలి. గాలి పంపు ఆపకూడదు. ఉప్పు నీటిని కొలనులో పోస్తే మొక్కలు చస్తాయి, అందుకే వేరే తొట్టి. గాయం లోతుగా ఉంటే చేపలు చూడగల పశువైద్యుణ్ణి సంప్రదించండి, సొంత వైద్యం వద్దు.

చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. కొంగలు, లకుముకులు, నీటికాకులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. కాల్చడమే వేట అనుకోకండి. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, గుడ్లు తీయడం, గూడు పాడుచేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే.

చట్టం కంటే ముందు మన ఊళ్ల సంస్కారం ఉంది. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇళ్ల మధ్య చెట్ల మీదే పక్షులు పిల్లలను చేస్తాయి, వాటి రాకను ఊరివాళ్లు శుభంగా తలుస్తారు. రెట్టల కంపు, గోల భరిస్తూ ఆ పల్లెలు వాటిని కాపాడుకుంటున్నాయి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన కొల్లేరు మనదే. అక్కడ నీరు తగ్గితే, మన ఊరి చెరువు పూడ్చి ఇళ్ల స్థలాలు వేస్తే, ఆ కొంగ ఎక్కడికి పోవాలి? మన కొలనుకే వస్తుంది. వేసవిలో మన దగ్గరికి ఎక్కువగా రావడం అందుకే. మీ పేటలో మిగిలిన కుంటను పూడ్చకుండా ఆపగలిగితే మీ కోయి చేపలకు అంతకు మించిన కాపలా లేదు.

ప్రశ్నలు చీటీల మీద పంపారు, కొన్నిటికి జవాబు చెబుతాను.

"దోమల కోసం తొట్టిలో గప్పీలు వేశాం, లకుముకి తినేస్తోంది, ఏం చేయాలి?" తొట్టి మీద మెష్ మూత పెట్టండి. కొన్ని పోయినా గప్పీలు త్వరగానే పెరుగుతాయి, బెంగ వద్దు. ఎక్కువయ్యాయని వాగులోనో చెరువులోనో మాత్రం వదలకండి. గప్పీ, గాంబూజియా రెండూ బయటి ఖండాల చేపలు, మన చిన్న చేపలకు చేటు చేస్తాయి.

"కుక్కను కట్టేస్తే సరిపోతుందా?" పగటి కొంగకు కొంతవరకు సరిపోతుంది. రాత్రి దాన్ని కూడా పడుకోనివ్వండి, మెష్ వేయించండి.

"లేజర్ లైటు వేస్తే పారిపోతాయట?" పక్షి కళ్లూ దెబ్బతింటాయి, ఎదురింటివాళ్ల కళ్లూ దెబ్బతింటాయి. వద్దు.

"కొంగ వలలో చిక్కుకుంటే ఎలా విడిపించాలి?" ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. కొంగ భయపడితే ఎదుటివాళ్ల కళ్లవైపే పొడుస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను దూరంగా పంపండి. ముందు పాత దుప్పటి దాని తల మీద కప్పండి, చీకటి కాగానే నెమ్మదిస్తుంది. మెడ వెనక నుంచి తలను పట్టుకుని, రెక్కలు ఒంటికి ఆనేలా దుప్పటితో చుట్టండి. వలను లాగకండి, కత్తెరతో కోయండి. ఒంటి మీద దారం ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు, తర్వాత అదే బిగుసుకుంటుంది. రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖకు ఫోను చేయండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చివరి చీటీ. "మా కొలను ఇప్పటికే మెట్లతో కట్టేశాం, పగలగొట్టాలా?" అక్కర్లేదమ్మా. గట్టు మీద రెండు వరసల ఇటుక లేపండి, నీటి మట్టం పాత చోటే ఉంచండి. లోపలి మెట్టు మీద అంచు నుంచి అంచుదాకా కలువ కుండీలు దగ్గరదగ్గరగా పేర్చితే కొంగకు పాదం పెట్టే ఖాళీ ఉండదు. పైన చట్రం వేయించండి. పని పూర్తయ్యేదాకా షేడ్‌నెట్ బిగించి కట్టి, అంచులకు ఇటుకలు పెట్టండి. చట్రం కొలతలు నా దగ్గర కాగితం మీద ఉన్నాయి. మీ కొలను పొడవు, వెడల్పు చెబితే ఎంత మెష్ పడుతుందో ఇక్కడే లెక్కవేసి ఇస్తాను, వచ్చి కూర్చోండి. నమస్కారం.